మూడో నంబరు పిడి

విచారణ పదకొండు గంటలకు. నేను పదింటికే వచ్చి కూర్చున్నాను. ఆలస్యంగా వచ్చేవాళ్ళంటే నాకు అసహ్యం, సరిగ్గా వేళకు వచ్చేవాళ్ళంటే అంతకన్నా అసహ్యం, వాళ్ళ బుర్రలో గడియారం తప్ప ఇంకేమీ ఉండదు. పైగా మేడమ్ గది ముందు ఈ బల్ల మీద నేను గంటసేపు కూర్చుని ఉండటం అందరి కళ్ళా పడాలి. పడుతూనే ఉంది. స్టోర్స్ గుమాస్తా అవసరం లేకపోయినా రెండుసార్లు ఇటు నుంచి అటు వెళ్ళాడు, వాడి చేతిలో ఉన్న కాగితం రెండుసార్లూ అదే కాగితం, దొంగవేషం వెయ్యడం కూడా రాదు వెధవకి. నా ఒళ్ళో ట్రే ఉంది, ట్రేలో నలభై పిడులున్నాయి. చక్రాల కుర్చీకి బ్రేకు వేసే పిడులు, నల్ల నైలాన్‌వి, గుప్పిట్లో పట్టేంత. నడవలేని మనిషి రోజుకి యాభైసార్లు పట్టుకుని లాగే వస్తువు. నల్లగా, నున్నగా, తడి రాయిలా ఉండాలి. ఈ నలభై అలా లేవు. ప్రతిదాని మొహం మీదా వెండి చార, నత్త పాకిన జాడలాగా, ఒక మూల నుంచి మొదలై విసనకర్రలా విచ్చుకుంటూ. మూడు వారాల నుంచి ఇదే గోల. కొన్నవాళ్ళు ఇరవై రెండు పెట్టెలు వెనక్కి పంపించారు, పైన ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాసి మరీ.

ఈ కర్మాగారంలో నూట నలభై మంది ఉన్నారు, ఆ చార ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్ళు చెప్పినవి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. షిఫ్ట్ ఇన్‌చార్జి వేడి పెంచమన్నాడు. వాడి తర్వాతి షిఫ్ట్ వాడు వేడి తగ్గించమన్నాడు. అమ్మకాలు చూసే పెద్దమనిషి, మెడకి టై, మెదడుకి తాళం, "పైపైనే కదండీ, నూనె గుడ్డతో తుడిచి పంపేద్దాం" అన్నాడు. నూనె గుడ్డట! జ్వరం వచ్చినవాడికి పౌడర్ రాసి పెళ్ళిచూపులకి పంపే రకం. నైలాన్ సంగతి వీళ్ళకేం తెలుసు? అది దాహం తీరని జాతి. సంచీ మూతి తెరిస్తే చాలు, గాలిలో ఉన్న తేమనంతా తాగేస్తుంది. అందుకే నైలాన్ గింజల్ని నాలుగు గంటలు డ్రయ్యర్‌లో వేడిగాలి మీద ఎండబెట్టి అప్పుడు మెషీన్‌లో పొయ్యాలి. ఎండబెట్టకపోతే ఆ తేమ లోపల ఆవిరై, కరిగిన ముద్దతో పాటు డైలోకి, అంటే పిడి అచ్చులోకి, దూరి, ముక్క మొహం మీద ఇలా గీసుకుంటూ పోతుంది. వెండి చార అంటే తేమ. తేమ అంటే డ్రయ్యర్. డ్రయ్యర్ అంటే నా బావమరిది. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది? సోమవారం పొద్దున కాగితం రాసిచ్చేశాను, రెండు పేజీలు, ఒక్క కొట్టివేత లేకుండా. "డ్రయ్యర్ ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల" అని మొదలుపెట్టాను. బంధుత్వం చూసుకోకుండా రాశానని మేడమ్ మెచ్చుకోవాలి నిజానికి. మెచ్చుకుంటుందని కాదు. వాళ్ళ నాన్న పోయాక కుర్చీలోకి వచ్చిన మనిషి, అంతకుముందు ఎక్కడో బిస్కెట్ల కంపెనీలో ప్రకటనలు రాసేదట. మొదటిసారి మెషీన్లున్న షాపులోకి వచ్చినప్పుడు డై వైపు చూపించి "ఇది తెరుచుకుంటుందా?" అని అడిగింది. తెరుచుకోదమ్మా, మేమంతా దాని చుట్టూ కూర్చుని దణ్ణం పెట్టుకుంటాం అందామనుకున్నాను.

నన్ను వెనకాల ఎక్స్‌రే అంటారు. నాకు తెలియదనుకుంటారు. ముక్క చేతికిస్తే లోపల రోగమేమిటో చెప్పేస్తానని ఆ పేరు. పెట్టినవాడు వెటకారానికే పెట్టి ఉంటాడు, ఈ గుంపులో నిజాయితీగా పొగిడే ధైర్యం ఎవడికుంది, అయినా పేరు మాత్రం సరైనదే. ముప్పై మూడేళ్ళు. ఇక్కడ చేరేటప్పుడు నాకు మీసాలు సరిగ్గా రాలేదు. డైలు చెక్కే ముసలి మేస్త్రి కింద చేరాను, ఆయన మాటలు తక్కువ, చెయ్యి ఎక్కువ, నెత్తి మీద మొట్టితే సాయంత్రం దాకా గుర్తుండేది. ఆ మనిషొక్కడే నేను గౌరవించినవాడు. ఆయన పోయాక ఇంకెవరినీ గౌరవించాల్సిన అవసరం రాలేదు.

బావమరిది సంగతి చెప్పాలంటే, పదకొండేళ్ళ కిందట మా ఆవిడ వరసగా నాలుగు రోజులు అడిగింది. ఆమె ఏదీ రెండోసారి అడగదు. అలాంటిది నాలుగు రోజులు అడిగేసరికి ఒప్పుకున్నాను. వాడి సైకిల్ రిపేరు కొట్టు మూతపడింది. మూతపడక ఏమవుతుంది, పంక్చర్ వేయించుకోవడానికి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి కబుర్లు చెప్పేవాడు. డ్రయ్యర్ దగ్గర వేయించాను, అందులో చెయ్యాల్సిందేమీ ఉండదని. సంచీ కోసి పొయ్యాలి, వేడి చూడాలి, వేళ రాయాలి. రిజిస్టర్‌లో వాడి అక్షరాలు చూడాలి, ఒకటో తరగతి పలక మీద రాసినట్టు గుండ్రంగా, ఒక్కో అంకెకి ఒక్కో గడి నిండా. భోజనం చేసినా అంతే, ఒక్కో ముద్దా ఎవరికో నైవేద్యం పెట్టినట్టు. పొద్దున రాగానే డ్రయ్యర్ రేకు మీద అరచేత్తో రెండుసార్లు తడతాడు, ఆవు వీపు తట్టినట్టు. ఎప్పుడూ నవ్వుమొహం. నలభై రెండేళ్ళ మగాడికి రోజంతా నవ్వడానికి ఏముంటుంది ఈ లోకంలో? షాపులో నన్ను సార్ అంటాడు, బయట బావగారూ అంటాడు, రెండు పిలుపులూ నాకు ఒకేలా చిరాకు.

సోమవారం సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. దాచడం నా వల్ల కాదు, అయినా నేనెందుకు దాచాలి? ఆమె కుట్టుమెషీన్ ముందు కూర్చుని ఎవరిదో చొక్కా కాలరు విప్పుతోంది. సూది మొనతో ఒక్కొక్క కుట్టూ లేపుతూ, తల ఎత్తకుండా, "వాణ్ణి అడిగారా?" అంది. ఏమడగాలి? దొంగని దొంగతనం చేశావా అని అడుగుతారా? ఆమె ఇంకేమీ అనలేదు. కాలరు మొత్తం ఊడదీసి దీపం దగ్గర పెట్టి చూసుకుంది. మాట అనకపోవడమనే ఆ విద్య ఆమెకి పుట్టుకతో వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో నాతో పోట్లాడిన గుర్తు లేదు. స్నేహితులు అదృష్టవంతుడివి అంటారు. నేనూ అలాగే అనుకున్నాను, నాతో వాదించడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదని.

పదీ ఇరవై. ఈ బల్ల ఎవడు చేశాడో కానీ ముందుకి వాలి ఉంటుంది, కూర్చున్నవాడు జారి కాళ్ళ మీద పడాలని చేసినట్టు. ట్రే కూడా వాలింది. పిడుల పొట్ట గుండ్రం కదా, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ అంచు మీదికి దొర్లుతున్నాయి. ముందు కూర్చున్న రిసెప్షన్ అమ్మాయి గోళ్ళ నుంచి కళ్ళెత్తి ఆ చప్పుడు వైపు చూసింది. ఆమె చూపు పడటం నాకు నచ్చలేదు. ఒక్కోదాన్నీ బోర్లా తిప్పడం మొదలుపెట్టాను. వెనక వైపు చదునుగా ఉంటుంది, దొర్లదు. వెండి చారలు కిందికి పోయాయి, కళ్ళకి కాస్త హాయి. చేతికి పని దొరికింది. వరసగా, ఎనిమిదేసి, అయిదు వరసలు. సిపాయిల్లా పెట్టాను. పెట్టి, బాగుందని చూసుకున్నాను. ప్రతి పిడి వెనకా, లోపలి గోడ మీద, చీమ తలంత అంకె ఉంటుంది. డైలో నాలుగు గుంటలు, ఒక్క షాట్‌కి నాలుగు పిడులు, ఏది ఏ గుంటలోంచి వచ్చిందో తెలియడానికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చెక్కి ఉంచుతారు. మొదటి వరస మూడు. మూడు, మూడు, మూడు, ఎనిమిదీ మూడే. సరేలే అనుకున్నాను. రెండో వరస మూడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. వరసలు వరసలుగా నలభై అంకెలు, నలభై ఒకే అంకె, ఒకే రకంగా నా వైపు చూస్తున్నాయి.

తేమకి అంకెలు చదవడం రాదు. తేమ ఉంటే నాలుగు గుంటల్లోనూ ఉంటుంది. అన్నింటినీ ఒకే గొట్టం నింపుతుంది, అవే గింజలు, అదే వేడి. మూడో దాన్ని ఏరుకుని దాని మొహం మీద మాత్రమే గీతలు గీసే తేమ ఎక్కడా ఉండదు. ఒకదాన్ని తీసి మళ్ళీ వెల్లకిలా తిప్పాను. చార ఒక మూల నుంచి మొదలైంది. ఇంకోటి తిప్పాను, అదే మూల. ఇంకోటి. తేమ చార అయితే ఎక్కడ పడితే అక్కడ చిందులు తొక్కాలి. ఇది ప్రతిసారీ గేటు మూల నుంచే, అంటే కరిగిన నైలాన్ గుంటలోకి దూరే ఆ సన్నటి సందు దగ్గర నుంచే మొదలవుతోంది. వారం క్రితం చేరిన కుర్రకుంక ఎవడైనా వచ్చి ఈ నలభై చూసి "తేమ సార్" అని ఉంటే వాడి చెవి మెలిపెట్టి ఉండేవాణ్ణి. నేను మూడు వారాలు అన్నాను. పెట్టెలో నాలుగు గుంటల పిడులూ కలిసి పడతాయి, నాలుగింటికి ఒకటి చారతో వస్తోంది, చూశావా, తేమ కనుక కొన్నింటికి వస్తోంది కొన్నింటికి రావట్లేదు అని నేనే అందరికీ పాఠం చెప్పాను. నాలుగింటికి ఒకటి! సరిగ్గా! ముప్పై మూడేళ్ళ ఎక్స్‌రే!

ప్యాకింగ్‌లో కూర్చునే పొడుగాటి ఆవిడ ఉంది. ఆమె కళ్ళజోడుకి ఒక కాడ విరిగి దారంతో కట్టి ఉంటుంది. పది రోజుల కిందట నేను అటు పోతుంటే లేచి నిలబడి, "సార్, ఆ గీతలున్నవన్నీ మూడో నంబరువేనండీ" అంది. నేనేమన్నానో ఇప్పుడు మాట పొల్లుపోకుండా గుర్తొస్తోంది. "అమ్మా, నీ పని పెట్టెలో పెట్టడం. పెట్టు" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నవ్వారని నాకు సంతోషమేసింది, ఇప్పుడు కాదు, అప్పుడు. ఆమె మొన్న నేను అడిగితే ఈ నలభై ఏరి ట్రేలో పెట్టి ఇచ్చింది, ఏమీ అనకుండా. అన్నీ మూడో నంబరువే అని ఆమెకి తెలుసు. నేను ఏనాటికైనా తిప్పి చూస్తానేమోనని ఇచ్చిందా, లేక చూడనని నమ్మకంతో ఇచ్చిందా? ఇంకొకటి కూడా. నా బావమరిది ఒకరోజు మెషీన్ మూతి నుంచి కక్కించిన ముద్ద పట్టుకొచ్చాడు, గుడ్డలో చుట్టి, పొగలు పోతున్నదాన్ని. "చూడండి సార్, తేమ ఉంటే ఇది నురగలా పొంగాలి కదా. గట్టిగా ఉంది, ఒక్క బుడగ లేదు" అన్నాడు. చూశాను. బుడగ లేదు. ఉండాల్సింది లేకపోతే మనిషి ఆగి ఆలోచించాలి. నేను ఆలోచించలేదు, వాడు ఆ పరీక్ష తెలుసుకున్నాడనే కోపం వచ్చింది. ఎవడు చెప్పాడు వీడికి? నేను చెప్పలేదే! నేను చేస్తుంటే పదకొండేళ్ళు పక్కన నిలబడి చూసి నేర్చుకుని ఉంటాడు. "ముద్దలు మొయ్యడం మానేసి వెళ్ళి నీ రేకుడబ్బా చూసుకో" అన్నాను.

పదీ ముప్పై అయిదు. గేటుకి ఏమయ్యుంటుంది? గేటు అంచు దెబ్బతిని ఉండాలి. కరిగిన నైలాన్ అక్కడ గీసుకుని, చిరిగి, చారలై పోతోంది. ఎప్పుడు దెబ్బతిన్నట్టు? చారలు మూడు వారాల నుంచి, అంటే ఈ నెల మొదటి బుధవారం నుంచి. బుధవారం ఏం జరిగింది... అని అడుగుతున్న నా గొంతు నాకే వింతగా, పోలీసు గొంతులా వినిపించింది, ఎందుకంటే సమాధానం అడగకముందే వచ్చి కూర్చుంది. ముందురోజు, మంగళవారం సాయంత్రం, మూడో గుంట గేటులో నైలాన్ ముక్క ఇరుక్కుంది. ఇరుక్కుంటే ఇత్తడి పుల్లతో తియ్యాలి, ఇత్తడి మెత్తన కనుక డైకి గీత పడదు. ఆ నియమం రాసి గోడకి తగిలించినవాణ్ణి నేనే. నా బావమరిదిని ఇత్తడి పుల్ల తెమ్మన్నాను. వాడు వెళ్ళాడు. వాడి నడక తెలుసుగా. అరనిమిషం అయింది. నాకు అరనిమిషం ఎక్కువైంది, వాడి మీద చిరాకు నా చేతిలోకి దిగింది, జేబులో ఉన్న ఉక్కు స్క్రూడ్రైవర్ తీసి పొడిచాను. టక్కున ఊడొచ్చింది. వెనక్కి తిరిగితే వాడు ఇత్తడి పుల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నువ్వొచ్చేసరికి పండగ అయిపోతుందయ్యా" అన్నాను. వాడు నవ్వాడు. పుల్లని తీసుకెళ్ళి ఎక్కడిది అక్కడ పెట్టాడు.

ముసలి మేస్త్రి ఉండి ఉంటే... వద్దు. ఆయన గురించి ఆలోచించకూడదనుకున్నాను, నెత్తి మీద చోటు మాత్రం చురుక్కుమంది. ఇదంతా ఎవరికి తెలుసు? నాకు. ట్రే తలకిందులుగా ఉంది, ఎవరూ దగ్గరికొచ్చి చూడట్లేదు. లోపలికెళ్ళి కాగితంలో రాసిందే చెప్తే చాలు. ఎక్కడివాళ్ళు అక్కడ తలూపుతారు. వాడు వెళ్ళిపోతాడు. రేపో ఎల్లుండో ఎవరూ లేని సమయం చూసి డై విప్పి, గేటు అంచు రాయితో నున్నగా చేసి పెడతాను. చారలు పోతాయి. కొత్త ఆపరేటర్ వచ్చాక చారలు పోయాయి చూశారా అంటారు. ఇంత శుభ్రంగా, ఇంత తేలిగ్గా ఆ ఆలోచన వచ్చిందే, అది చూసి ముందు నాకు ముచ్చటేసింది. ఆ తర్వాత, మెల్లిగా, ఆ ముచ్చట మీదే అసహ్యం వేసింది. ఈ కర్మాగారంలో ఒక్కొక్కడి గురించీ నేను పెట్టుకున్న అభిప్రాయాలు ఉన్నాయి కదా, స్టోర్స్ గుమాస్తా దొంగవేషం, టై కట్టినాయన నూనె గుడ్డ, అవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినా ఇంత ఎత్తు రావు.

"బావగారూ."

వచ్చేశాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, కాలరు కొత్తగా కుట్టి ఉంది. ఆ కాలరు నేను చూశాను, సోమవారం, దీపం దగ్గర. ఎవరిదో అనుకున్నాను. బల్ల మీద నా పక్కన, కాస్త దూరంగా కూర్చున్నాడు, జారకుండా కాళ్ళు తన్నిపెట్టుకుని.

"టీ తాగారా?" అన్నాడు.

ఉద్యోగం ఊడే గది ముందు కూర్చుని మనిషి అడిగే మాటా ఇది! తాగలేదన్నాను. వాడు కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. రిసెప్షన్ అమ్మాయి ఫోన్‌లో మునిగిపోయిందని నమ్మకం కుదిరాక గొంతు తగ్గించి, "ఒక మాట చెప్పనా? మీరు కోప్పడకూడదు" అన్నాడు.

"చెప్పు."

"లోపలికెళ్ళాక నేనే చెప్పేస్తా. గింజలు సరిగ్గా ఎండబెట్టలేదు, రిజిస్టర్‌లో ఊరికే వేళలు రాశానని."

"ఎండబెట్టలేదా?"

"ఎండబెట్టాను."

"మరి?"

"మీరు కాగితం ఇచ్చేశారు కదా. ఇప్పుడు కాదంటే పదిమందిలో మీ మాట ఏమైపోతుంది? ఈ వయసులో." కాలరు సర్దుకున్నాడు. "నిన్న అక్క ఫోన్ చేసింది. 'ఆయనకి తప్పొప్పుకోవడం రాదురా, ఎవరూ నేర్పలేదు, ఎలాగోలా నువ్వే చూసుకో' అంది. నాకేం, సైకిల్ పని ఉండనే ఉంది. చేతులున్నాయి."

చూసుకో! నలతగా ఉన్న పిల్లాణ్ణి చూసుకోమన్నట్టు, కళ్ళు కనపడని ముసలాణ్ణి రోడ్డు దాటించమన్నట్టు. ఇరవై ఎనిమిదేళ్ళూ ఆమె వాదించకపోవడం ఏమిటో, వీడు రోజంతా నవ్వడం ఏమిటో ఒక్కసారిగా అర్థమై మొహం వేడెక్కింది. వాళ్ళిద్దరూ నా గురించి మాట్లాడుకుంటారు. నన్ను ఎలా మొయ్యాలో మాట్లాడుకుంటారు. నేను వాళ్ళని భరిస్తున్నానని అనుకుంటూ ఉన్నాను. ఏదో ఒకటి అనాలి, వీణ్ణి కోసేసే మాట ఒకటి, వెన్నెముక లేనివాడా అనో, నీ దయ ఎవడికి కావాలి అనో. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు వాడు, ఇంకా తక్కువ గొంతుతో, ఓదార్చుతున్నట్టుగా అన్నాడు:

"ఆ స్క్రూడ్రైవర్ సంగతి కూడా నేనెవరికీ చెప్పలేదు బావగారూ. చెప్పను."

అయితే వాడికి తెలుసు. మూడు వారాల నుంచి తెలుసు. ముద్ద తెచ్చి చూపించిన రోజు తెలుసు, నేను రేకుడబ్బా చూసుకోమన్నప్పుడు తెలుసు, సోమవారం నేను కాగితం ఇచ్చినప్పుడూ తెలుసు. నా అంతట నేను తెలుసుకునే వీలు ఇస్తూ వచ్చాడు, ముద్ద పట్టుకొచ్చి, నిలబడి, వెళ్ళిపోయి. మేడమ్ గది తలుపు తెరుచుకుంది. ఇంకా పదకొండు కాలేదు. ఈ మనిషికి వేళ కూడా పట్టింపు లేదు అని పాత అలవాటు కొద్దీ మనసులో అనుకున్నాను, కానీ ఆ అనుకోవడంలో పదును లేదు.

మేడమ్ నా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. "చాలా బాగా రాశారు" అంది నాతో, తర్వాత వాడి వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అంది. వాడు చేతులు కట్టుకుని, "మేడమ్, ఇందులో తప్పు నా..." అని మొదలుపెట్టాడు.

"ఆగు" అన్నాను. నా గొంతు ఎప్పటిలాగే గదమాయించినట్టు వచ్చింది, వేరే గొంతు నాకు లేదు. ట్రే ఆమె బల్ల మీద పెట్టాను. "వెనకాల అంకె చదవండి."

ఆమె వంగి చదివింది. "మూడు. మూడు. మూడు..." తొమ్మిది దాకా పైకి చదివి, మిగతావి కళ్ళతో చదివింది. బిస్కెట్ల మనిషి. వేలితో వరస మీద వెళ్ళి, వెనక్కొచ్చి, "అంటే డ్రయ్యర్ కాదన్నమాట. అదే అయితే అన్నింటికీ రావాలి" అంది. నేను చెప్పక్కర్లేకుండా! డై తెరుచుకుంటుందా అని అడిగిన మనిషి అరనిమిషంలో చెప్పింది. "మూడో దానికి ఏమైంది?"

అరిగిపోయింది. ఆ ఒక్క మాట చాలు. డైలు అరుగుతాయి, దానికి ఎవరూ కారణం కాదు, కాగితం చించేస్తారు, వాడి ఉద్యోగం ఉంటుంది, నా పరువూ ఉంటుంది. ఇంతకన్నా మర్యాదైన దారి లేదు. పక్కన వాడు ఊపిరి బిగబట్టడం వినిపించింది. వాడు కూడా అదే అంటాననుకుంటున్నాడు, అనాలని కోరుకుంటున్నాడు, నాకు సాయంగా తలూపడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ తలూపడం నేను చూడలేననిపించింది.

"నేను పాడుచేశాను" అన్నాను. "ఉక్కు స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. వాడు ఇత్తడి పుల్ల తెచ్చే లోపల. పది రోజుల కిందట ప్యాకింగ్ ఆవిడ మూడో నంబరని చెప్పింది. వినలేదు. వాడు ముద్ద తెచ్చి చూపించాడు. చూసి కూడా వినలేదు."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది, అరిచేవాళ్ళని తక్కువగా చూడటం నాకు తెలుసు. ఆమె కలం మూత తీసి ఏదో రాసుకుంది. "బాగుచెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"రెండు గంటలు."

"రెండు గంటలు" అని ఆమె ఆ మాటనే తిరిగి అంది. తర్వాత నా కాగితాన్ని మడిచి నా వైపు జరిపింది. వాడితో, "సారీ. నువ్వెళ్ళి నీ పని చూసుకో" అంది.

వాడు వెళ్ళలేదు. నవ్వుమొహంతోనే, చేతులు ఇంకా కట్టుకునే, "మేడమ్, ఒక చిన్న కోరిక" అన్నాడు. "నన్ను ఈయన కింద కాకుండా ఇంకెక్కడైనా వెయ్యండి. ప్యాకింగైనా సరే, ఊడ్చే పనైనా సరే. డ్రయ్యర్ పని ఎవరొచ్చినా నేర్పిస్తాను."

నేను వాడి వైపు చూశాను. వాడు నా వైపు చూడలేదు. కోపం లేదు ఆ మొహంలో. కొట్టు మూసేటప్పుడు పనిముట్లు తుడిచి ఒక్కోటీ సంచిలో వేసుకునే మనిషి మొహంలా ఉంది. మేడమ్ సరే అంది.

మధ్యాహ్నానికల్లా డై విప్పాము. భూతద్దం పెట్టి చూస్తే మూడో గేటు అంచు మీద చిన్న పన్ను లేచి ఉంది, ఆవగింజలో సగం కూడా లేదు. మామూలు కంటికి ఏమీ కాదు. ప్యాకింగ్ ఆవిణ్ణి పిలిపించాను. దారం కట్టిన కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి నిలబడితే, భూతద్దం ఆమె చేతికిచ్చి చూడమన్నాను. చూసింది. "ఇదేనాండీ?" అంది. ఇదేనన్నాను. ఇంకేదో చెప్పాలని అక్కడే నిలబడ్డాను, ఆమె కూడా కాసేపు ఎదురుచూసి, "పెట్టెలు ఆగిపోయాయండీ, వెళ్తాను" అని వెళ్ళిపోయింది. సన్నరాయితో అంచు నున్నగా చేశాను, నా చేతులతోనే, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. డై ఎక్కించి మొదటి షాట్ కొట్టాక నాలుగు పిడులు దొర్లాయి. మూడో నంబరుది తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. నల్లగా ఉంది, తడిగా ఉన్నట్టు, ఒక్క చార లేకుండా. డ్రయ్యర్ దగ్గర నా బావమరిది ఎవరికో వేడి ఎక్కడ చూడాలో చూపిస్తున్నాడు, ఒకసారి కాదు, రెండు మూడుసార్లు, ఓపిగ్గా.

చేతులు కడుక్కునే చోట నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. నేను పని వేళలో ఇంటికి ఎప్పుడూ చెయ్యను. ఆమె ఎత్తేసరికి వెనకాల కుట్టుమెషీన్ చప్పుడు ఆగింది.

"తప్పు నాదే" అన్నాను.

"తెలుసు" అంది. "సోమవారమే తెలుసు, మీరు వాణ్ణి అడగలేదని తెలిసినప్పుడే. వాడేమన్నాడు?"

నీళ్ళు కారుతూనే ఉన్నాయి, కుళాయి కట్టడం మర్చిపోయాను. కట్టి, చెప్పాను. నన్ను ఈయన కింద కాకుండా ఇంకెక్కడైనా వెయ్యండి అన్నాడని, ఊడ్చే పనైనా చేస్తానన్నాడని, మాట మార్చకుండా, వాడు ఎలా అన్నాడో అలాగే.

"మంచి పని చేశాడు" అంది మా ఆవిడ.

ఆ గొంతులో నా మీద కోపం ఉందేమోనని చెవి ఒగ్గి వెతికాను. ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. బల్ల మీద పెట్టినట్టుంది, కుట్టుమెషీన్ మళ్ళీ నడవడం మొదలైంది, ఆగుతూ, మలుపు తిరుగుతూ, మళ్ళీ నడుస్తూ. నేను తడి చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని అక్కడే నిలబడి ఉన్నాను.